కాండం ఎక్కడ కర్రబారుతోంది? చేతి కోతతో లిగ్నిన్‌ను గుర్తించే పద్ధతి

పొద్దుతిరుగుడు మొక్కను చిగురుకు దగ్గరగా పట్టుకుని వంచితే అది వేలి చుట్టూ తిరిగేంత మెత్తగా వంగుతుంది. అదే మొక్కను మొదలు దగ్గర వంచబోతే ముందు మొరాయిస్తుంది, మరికాస్త బలం పెడితే ఫెళ్లున విరుగుతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే కాండం, ఒకే జన్యువులు. తేడా వయసులోనే ఉంది. కొన దగ్గరి కణుపు మధ్యమం (రెండు కణుపుల నడుమ భాగం) నిన్న మొన్న పుట్టినది, మొదలు దగ్గరిది వారాల కిందటిది. కాబట్టి పై నుంచి కిందికి ఒక్కొక్క కణుపు మధ్యమాన్నే కోసుకుంటూ వస్తే, ఒకే కణజాలం ముదిరే క్రమమంతా వరుసగా కళ్ల ముందు నిలుస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నవారికి కణాల గోడల్లో చేరి వాటిని కర్రలా బిగించే లిగ్నిన్ పేరు తెలియకపోయినా దాని పనితనం బాగా తెలుసు.

ఈ క్రమాన్ని చూడడానికి కొత్త బ్లేడు ఒకటి, కళాశాల స్థాయి సూక్ష్మదర్శిని ఒకటి, రెండు రసాయనాలు, కాస్త ఓపిక చాలు. కర్రబారడమంటే కాండమంతా ఒక్కసారిగా, ఒకే తీరున గట్టిపడడం కాదన్న సంగతి ఈ పద్ధతిలో తేటతెల్లమవుతుంది. పక్కపక్కనే ఆనుకుని ఉన్న రెండు కణాల్లో ఒకటి పూర్తిగా కర్రబారి చనిపోతే, రెండోది చివరిదాకా పలుచని గోడతోనే బతుకుతుంది. దీన్ని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా మనసుకు పట్టదు గానీ, కోత మీద లిగ్నిన్ ఉన్నచోటల్లా రసాయనంతో ఎరుపు తేలడం ఒక్కసారి చూస్తే ఇక మరచిపోలేము.

కోయడానికి ముందు

లేత కణానికి ఉండేది ప్రాథమిక కవచం మాత్రమే. అందులో సెల్యులోజ్ సూక్ష్మతంతువులు, హెమిసెల్యులోజ్, పెక్టిన్, బోలెడంత నీరు ఉంటాయి. కణం పెరుగుతున్నంత కాలం అది సాగుతూనే ఉంటుంది. పక్క కణంతో దాన్ని అతికించి ఉంచేది పెక్టిన్‌తో నిండిన మధ్యపటలిక. పెరుగుదల ఆగిన తరువాత, నీటిని మోసే దారునాళాలు, బలాన్నిచ్చే నారకణాల వంటి కొన్ని కణాలు మాత్రమే తమ ప్రాథమిక కవచానికి లోపలి వైపున మరో మందమైన గోడ కట్టుకుంటాయి. దీన్నే ద్వితీయ కవచం అంటారు. కట్టడం లోపలి వైపు జరుగుతుంది కాబట్టి గోడ మందమయ్యే కొద్దీ కణం నడుమ ఉన్న ఖాళీ ఇరుకవుతుంది. ద్వితీయ కవచంలో సాధారణంగా ఎస్1, ఎస్2, ఎస్3 అని మూడు పొరలు కనిపిస్తాయి, వాటిలో ఎస్2 అన్నిటికన్నా మందం.

ఈ గోడలో సెల్యులోజ్, జైలాన్‌ల (జైలాన్ ఒక రకం హెమిసెల్యులోజ్) అల్లిక ముందు సిద్ధమవుతుంది, దాని సందుల్లోకి లిగ్నిన్ వచ్చి చేరి అక్కడున్న నీటిని తోసివేస్తుంది. కర్ర అనే అర్థమున్న ‘లిగ్నమ్’ అనే లాటిన్ మాట నుంచి ఈ పేరును 1813లో స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు ద కాండోల్ వాడుకలోకి తెచ్చాడు. కలపలో సెల్యులోజ్‌కు తోడు దాన్ని కమ్ముకుని ఉండే మరో పదార్థం కూడా ఉందని 1838లో ఫ్రెంచి రసాయనవేత్త పాయెన్ వేరు చేసి చెప్పాడు. మోతాదు మొక్క జాతిని బట్టి మారుతుంది. పైన్ వంటి శంకుధారి వృక్షాల కలపలో పొడి బరువులో సుమారు 25 నుంచి 33 శాతం, వెడల్పాకు చెట్ల కలపలో సుమారు 18 నుంచి 25 శాతం లిగ్నిన్ ఉంటుంది. పత్తి పీచులో దాదాపు ఏమీ ఉండదు.

లిగ్నిన్ తయారీకి ముడిసరుకు ఫినైల్‌అలనైన్ అనే ఎమినో ఆమ్లం. దాని నుంచి అమ్మోనియాను తొలగించి సినమిక్ ఆమ్లంగా మార్చడంతో పని మొదలై, కొన్ని మెట్లు దాటాక పి-కౌమరైల్, కొనిఫెరైల్, సినాపైల్ ఆల్కహాళ్లు అనే మూడు చిన్న అణువులు తయారవుతాయి. ఇవి కణం లోపలి నుంచి గోడలోకి చేరుకున్నాక, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో పెరాక్సిడేజ్‌లు, ఆక్సిజన్ సాయంతో లాకేజ్‌లు అనే ఎంజైములు వాటిని రాడికల్స్‌గా, అంటే దేనితోనైనా ఇట్టే అతుక్కునే అణువులుగా మారుస్తాయి. ఆ రాడికల్స్ ఒకదానికొకటి అతుక్కుంటూ పెద్ద అణువుగా పెరుగుతాయి. ప్రొటీన్‌కు ఉన్నట్టు దీనికి అచ్చు ఏమీ లేదు, వరుసక్రమమూ లేదు. అందుబాటులో ఉన్నది అతుక్కుంటుంది, అంతే. శంకుధారుల్లో ఎక్కువ భాగం కొనిఫెరైల్ నుంచి వచ్చిన జి-రకమే ఉంటుంది. వెడల్పాకు చెట్లలో దానితో పాటు సినాపైల్ నుంచి వచ్చిన ఎస్-రకం కూడా పెద్ద మోతాదులో ఉంటుంది. గడ్డిజాతుల్లో ఈ రెండింటికీ తోడు పి-కౌమరైల్ నుంచి వచ్చిన హెచ్-రకం కొద్దిగా కనిపిస్తుంది. పరీక్ష ఫలితాలను చదివేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

గుర్తుంచుకోవలసినవి మరి రెండున్నాయి. మొదటిది చోటు గురించి. లిగ్నిన్ చేరిక కొత్తగా కట్టిన లోపలి గోడలో కాకుండా, కణాలు కలుసుకునే మూలల్లో, మధ్యపటలికలో మొదలై, అక్కడి నుంచి లోపలి పొరల్లోకి వ్యాపిస్తుంది. గాఢత ఎక్కువగా ఉండేది మూలల్లోనే అయినా, ఎస్2 పొర మందం వల్ల మొత్తం లిగ్నిన్‌లో ఎక్కువ వాటా ఆ పొరకే దక్కుతుంది. రెండోది చావు గురించి. దారునాళ కణం తన లోపలి పదార్థాన్ని తానే జీర్ణం చేసుకుని ఖాళీ గొట్టంగా మిగులుతుంది. ఆ తరువాత కూడా దాని గోడలో లిగ్నిన్ చేరుతూనే ఉంటుంది. సరుకు అందించేది పక్కనున్న బతికిన మృదుకణాలు. ఇంట్లోవాడు పోయాక ఇరుగుపొరుగు వచ్చి గోడ పూర్తి చేసినట్టన్నమాట.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. మన వాడుకలో ముదిరిన మాను ‘చేవదేరింది’ అంటాం, చాలామంది దీన్ని లిగ్నిన్ చేరడంతో కలిపేస్తారు. చేవ అంటే మాను నడిమి భాగం. దాని ముదురు రంగుకూ, పుచ్చకుండా నిలిచే గుణానికీ ప్రధాన కారణం చాలా కాలం తరువాత అక్కడ చేరే ఫినాలిక్ పదార్థాలు, రెసిన్ల వంటివి. చేవ చుట్టూ ఉండే లేత రంగు రసదారువు కూడా అప్పటికే పూర్తిగా లిగ్నిన్ పట్టిన కలపే. కనుక లిగ్నిన్‌ను ఎరుపుగా చూపే ఈ పరీక్షలో చేవకూ రసదారువుకూ ఎరుపు వస్తుంది.

మొక్కను ఎంచుకోవడం

మొదటిసారికి పొద్దుతిరుగుడు గానీ ఆముదం గానీ మంచిది. వీటి నాళికాపుంజాలు (నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు) పెద్దవి, వలయంగా విడివిడిగా ఉంటాయి, కాండం కోతకు లొంగుతుంది. మొగ్గ తొడగని, ఎనిమిది పది కణుపులున్న నిటారు మొక్కను తీసుకోవాలి. వాలిన మొక్క వద్దు, కారణం తరువాత చెబుతాను. కోయకముందే పై నుంచి కణుపు మధ్యమాలను లెక్కించి దారంతో గుర్తులు కట్టుకుని, ఒక్కొక్కదాన్ని మెల్లగా వంచి ‘వంగింది’, ‘ఎదురుతిరిగింది’, ‘విరిగింది’ అని రాసుకోవాలి. చేతికి తెలిసిన ఈ లెక్కను తరువాత కంటికి తెలిసే లెక్కతో పోల్చి చూడడంలోనే సరదా ఉంది.

తరువాత పై నుంచి మొదటిది, మూడవది, అయిదవది, అన్నిటికన్నా కిందిది చొప్పున నాలుగు కణుపు మధ్యమాల నడిమి నుంచి 2 సెంటీమీటర్ల ముక్కలు తీసి, పేర్లు రాసిన గాజు గొట్టాల్లో నీళ్లలో వేయాలి. కణుపు దగ్గర మాత్రం కోయవద్దు, ఆకులోకి పోయే పుంజాలు అక్కడ మలుపులు తిరిగి బొమ్మను గందరగోళం చేస్తాయి. అదే రోజు కోయలేకపోతే 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచవచ్చు. దానివల్ల పత్రహరితం కొట్టుకుపోయి రంగు స్పష్టంగా తెలుస్తుంది, లేత ముక్కలు కాస్త బిరుసెక్కి కోతకు అనువుగా కూడా ఉంటాయి.

పరీక్ష నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి మొక్కతో పాటు మరి మూడు వస్తువులు దగ్గర పెట్టుకోవాలి. అవి వార్తాపత్రిక కాగితం ముక్క, వడపోత కాగితం ముక్క, తెల్లటి నూలు దారం. వార్తాపత్రిక కాగితంలో చాలావరకు కలపను యంత్రాలతో నలిపి చేసిన గుజ్జు ఉంటుంది కాబట్టి లిగ్నిన్ అలాగే మిగిలిపోతుంది. ఎండలో నాలుగు రోజులుంటే అది పసుపెక్కడానికి కూడా ఇదే కారణం. వడపోత కాగితం దాదాపు వట్టి సెల్యులోజ్. రసాయనం చుక్క పడితే మొదటిది ఎర్రబడాలి, మిగిలిన రెండూ తెల్లగానే ఉండాలి. అలా జరగకపోతే మొక్క జోలికి వెళ్లకుండా రసాయనాన్నే మార్చాలి.

కోత కోయడం

పని అంతా ఇక్కడే గెలుస్తుంది, ఇక్కడే చెడుతుంది. ముక్కను ఎడమచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ నిలువుగా పట్టుకుని, బొటనవేలిని బ్లేడు దారికి బాగా కిందికి దించి ఉంచాలి. కొత్త బ్లేడునూ ముక్క పైభాగాన్నీ నీటితో తడపాలి. బ్లేడును రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించకుండా, ఏటవాలుగా తన వైపుకు ఒకే లాగుతో లాగాలి. మొదటి నాలుగైదు కోతలు పైభాగాన్ని చదును చేయడానికే, వాటిని పారేయవచ్చు. తరువాత గబగబా ఓ ఇరవై కోతలు కోసి, బ్లేడు మీద చేరిన వాటిని మెత్తని బ్రష్‌తో నీళ్లున్న వాచ్‌గ్లాస్ (చిన్న గాజు పళ్లెం) లోకి దించాలి. ఒక్కో కోత తీసి పరిశీలిస్తూ కూర్చుంటే చెయ్యి వాటం పోతుంది.

వాచ్‌గ్లాస్ కింద నల్ల కాగితం పెట్టి చూస్తే పలుచని కోతలు గాజుపొరలా కనిపిస్తాయి, మందమైనవి తెల్లగా మసకగా తేలుతాయి. కోత గుండ్రంగా, సంపూర్ణంగా ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. ఒక అంచున ఒక్క కణం మందానికి పలుచబడిన అరచంద్రం ముక్క, పూర్తి గుండ్రని మందపాటి బిళ్ల కన్నా వెయ్యిరెట్లు మేలు. లేత కొన ముక్క వేళ్ల మధ్య నలిగిపోతుంటే, నిలువుగా చీల్చిన క్యారెట్ ముక్కల మధ్య దాన్ని ఇరికించి రెండింటినీ కలిపి కోయాలి. అడుగు ముక్క మరీ గట్టిగా ఉంటే నిలువునా నాలుగు పాయలుగా చీల్చి ఒక పాయను మాత్రమే కోయాలి. ప్రతి ముక్క నుంచీ ఒకటి రెండు నిలువుకోతలు కూడా తీసి పెట్టుకోవడం మంచిది.

ఫ్లోరోగ్లూసినాల్ పరీక్ష

1878లో వీస్నర్ ప్రతిపాదించిన ఈ పరీక్ష ఇప్పటికీ ప్రయోగశాలల్లో మొదటగా చేసే పరీక్షే. 3 గ్రాముల ఫ్లోరోగ్లూసినాల్‌ను 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో కరిగించి ముదురు రంగు సీసాలో ఉంచాలి. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే పారేసి కొత్తది చేసుకోవాలి. రెండవ రసాయనం గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దీని ఆవిరి కళ్లనూ శ్వాసనాళాన్నీ మండిస్తుంది, చుక్క పడితే చర్మం కాలుతుంది. కాబట్టి ఈ పని ఇంట్లో బల్ల మీద చేసేది కాదు. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉన్న ప్రయోగశాలలో, చేతి తొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని, అనుభవమున్నవారు దగ్గరుండగా చేయాలి.

కోతను ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణంలో రెండు మూడు నిమిషాలు నానబెట్టి స్లైడు మీదికి తీయాలి. అదనపు ద్రావణాన్ని వడపోత కాగితపు కొసతో అద్ది, గాఢ ఆమ్లం ఒక్క చుక్క వేసి, ఒక నిమిషం ఆగి కవర్‌స్లిప్ కప్పాలి. అంచుల్లో మిగిలిన ఆమ్లాన్ని మళ్లీ కాగితంతో పూర్తిగా పీల్చేయించాకే స్లైడును సూక్ష్మదర్శిని కిందికి తేవాలి. ఈ చివరి మాటను నేను చదువుకునే రోజుల్లో లెక్కచేయలేదు. కవర్‌స్లిప్ దాటి కారిన చుక్కను పట్టించుకోకుండా 40 రెట్ల వస్తుకటకాన్ని కిందికి దించాను, మరుసటి వారం ఆ కటకంలోంచి లోకమంతా పొగమంచులా కనిపించింది. అప్పటి నుంచి ముందు 10 రెట్ల కటకంతోనే చూస్తాను, అవసరమనుకుంటేనే పెద్దదానికి వెళతాను, పని కాగానే స్లైడును హుడ్‌లోకి చేర్చేస్తాను.

రంగు కొన్ని నిమిషాల్లోనే చెర్రీ ఎరుపుగా, కొన్ని చోట్ల ఊదా ఎరుపుగా తేలి, కాసేపటికి వెలసిపోవడం మొదలవుతుంది. అందువల్ల నాలుగు కణుపు మధ్యమాల కోతలను ఒకేసారి తడపకుండా, ఒక్కొక్కదానికి రసాయనం వేసి, వెంటనే బొమ్మ గీసుకుని లేదా ఫొటో తీసుకుని, ఆ తరువాతే రెండవదానికి వెళ్లాలి. ఫొటోలను తరువాత పోల్చాలంటే వెలుతురునూ కెమెరా అమరికనూ చివరిదాకా మార్చకూడదు.

పై నుంచి కిందికి

మొదటి కణుపు మధ్యమం కోతను చూసినవారు సాధారణంగా పరీక్ష విఫలమైందని అనుకుంటారు. అంతా వెలవెలబోతూ ఉంటుంది. తొందరపడకుండా ప్రతి నాళికాపుంజంలో దవ్వ (కాండం నడిమి మెత్తని భాగం) వైపున్న అంచును వెతికితే, సూదిమొనతో గుచ్చినట్టు రెండో మూడో చిన్న ఎర్రటి ఉంగరాలు దొరుకుతాయి. ఇవే తొలి దారునాళాలు. వీటి అందం నిలువుకోతలో తెలుస్తుంది: గొట్టమంతా ఎర్రగా ఉండదు, రంగులేని పలుచని గోడకు లోపలి వైపున ఎర్రటి ఉంగరాలు, స్ప్రింగులాంటి చుట్లు అమర్చినట్టు ఉంటాయి. ఒకసారి చేరిన లిగ్నిన్‌ను కరిగించి గోడను మళ్లీ సాగేలా చేసుకునే వీలు కణానికి లేదు. అయితే కాండం ఇంకా పొడవు పెరుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం ఇప్పుడే కావాలి. ఈ ఇరకాటానికి మొక్క కనుక్కున్న ఉపాయమే ఈ చుట్లు. చుట్టుకూ చుట్టుకూ నడుమనున్న గోడ సాగుతుంది, చుట్టు మాత్రం గొట్టం చప్పబడకుండా ఆపుతుంది. ఆకులు నీటిని పైకి లాగేటప్పుడు నాళంలో ఏర్పడేది తోపుడు కాదు, లాగుడు. దానికి తట్టుకోలేని గొట్టం బలంగా పీల్చిన కాగితపు గొట్టంలా లోపలికి నొక్కుకుపోతుంది. లిగ్నిన్ తయారీలో లోపమున్న ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోని కొన్ని ఉత్పరివర్తనాల్లో (జన్యువు మారిన మొక్కల్లో) దారునాళాలు సరిగ్గా ఇలాగే కుదించుకుపోయి కనిపిస్తాయి.

మూడవ దానిలో తొలి నాళాలకు వెలుపలి వైపున, అంతకన్నా పెద్ద నాళాలు వరుసలుగా ఎర్రబడి ఉంటాయి. దారువు ఇక్కడ లోపలి నుంచి వెలుపలికి ముదురుతోందని ఈ వరుసలే చెబుతాయి. అన్నిటికన్నా వెలుపలున్న నాళాల్లో రంగు గులాబీ ఛాయలోనే ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు పుంజం వెలుపలి కొసన, ఆహారాన్ని మోసే పోషక కణజాలానికి టోపీ పెట్టినట్టున్న నారకణాల గుంపును చూడాలి. వాటి గోడలు అప్పటికే మందమెక్కి మెరుస్తుండవచ్చు, అయినా తరచుగా రంగు పట్టవు, లేదా సగమే పడతాయి. నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఈ దశలోనే దొరుకుతుంది. 40 రెట్ల కటకంలో చూస్తే మూడు కణాలు కలిసే మూలల్లో చిన్న చిన్న ఎర్రటి త్రికోణాలు, వాటిని కలుపుతూ సన్నని ఎర్రటి గీతలు ఉంటాయి. ఆ వలలో చిక్కుకున్నట్టు ప్రతి కణం లోపలి గోడ మాత్రం ఇంకా తెల్లగానే ఉంటుంది. లిగ్నిన్ మూలల నుంచి లోపలికి నడుస్తుందని ముందు చెప్పిన మాట ఇక్కడ బొమ్మలా కనిపిస్తుంది. మూడవదానిలో ఈ దశ దొరక్కపోతే నాలుగవదాన్నో అయిదవదాన్నో కోయాలి. మొక్క వయసును బట్టీ, పెరిగిన తీరును బట్టీ అది ఒక కణుపు అటూ ఇటూ జరుగుతుంది.

అయిదవదానికి వచ్చేసరికి నారటోపీలు చాలావరకు పూర్తిగా ఎర్రబడతాయి. అన్నిటికన్నా కిందిదానిలో పుంజాల మధ్యనున్న కణాలు కూడా విభజన చెందడం మొదలుపెట్టి, కొత్త కణాలను పుట్టించే పొర అయిన విభాజ్యకణావళి వలయం పూర్తయి ఉంటే, దాని లోపలి వైపున అఖండమైన ఎర్రటి కట్టు కనిపిస్తుంది. ద్వితీయ దారువు అదే, మనం కర్ర అని పిలిచేదీ అదే. ఆ కట్టును ఆనుకునే, రంగన్నది ఎరగని సన్నని తెల్లని గీత ఒకటి ఉంటుంది: విభాజ్యకణావళి. ఇటు పక్కకు ఇచ్చిన కణం కర్రబారుతుంది, అటు పక్కకు ఇచ్చిన కణం పోషక కణజాలమై మెత్తగా మిగులుతుంది. తాను మాత్రం ఎప్పటికీ ముదరదు.

ఎర్రబడని వాటిని కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలి. బాహ్యచర్మం కిందనే, మూలల్లో బాగా దళసరిగా, తళతళలాడే గోడలతో ఉండే స్థూలకోణ కణజాలం అన్ని కోతల్లోనూ రంగు లేకుండానే ఉంటుంది. దాని మందం సెల్యులోజ్, పెక్టిన్‌లది. అది బలాన్నిస్తుంది, పైగా సాగుతుంది కూడా, అందుకే పెరుగుతున్న లేత కాండానికి అది తగిన ఆధారం. మందంగా ఉన్నదల్లా కర్రబారినట్టు కాదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వీలుంటే బేరిపండు గుజ్జును కూడా ఓ చిటికెడు స్లైడు మీద నలిపి ఇదే పరీక్ష చేయవచ్చు. నాలుకకు ఇసుకలా తగిలే పలుకులు ఎర్రటి గుత్తులుగా బయటపడతాయి. అవి రాతికణాలు. లోపలి ఖాళీ దాదాపు మూసుకుపోయేంత మందమైన గోడ, ఆ గోడను చీల్చుకుంటూ పోయే కొమ్మల్లాంటి సన్నని కాలువలు వాటి గుర్తు.

మోసపోయే చోట్లు

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఆంథోసయనిన్. ఎర్రకాడ ఆముదం వంటి మొక్కల్లో ఉండే ఈ వర్ణకం ఆమ్లం తగలగానే మరింత ఎర్రబడి, బాహ్యచర్మానికీ, దాని కిందనున్న వల్కలానికీ లిగ్నిన్ పట్టినట్టు భ్రమ కలిగిస్తుంది. దీనికి విరుగుడు తేలిక: ఒక కోతకు ఫ్లోరోగ్లూసినాల్ లేకుండా ఆమ్లం ఒక్కటే వేసి చూడాలి. అందులో కూడా కనిపించే ఎరుపును లెక్కలోంచి తీసేయాలి. ఆల్కహాల్‌లో నిల్వ ఉంచిన ముక్కల్లో ఈ బెడద చాలావరకు ఉండదు.

రెండవది, ఎరుపు గాఢతను లిగ్నిన్ మోతాదుగా చదవడం. ఈ రంగు వచ్చేది లిగ్నిన్ అంతటి నుంచీ కాదు, ముఖ్యంగా అందులోని సినమాల్డిహైడ్ రకపు భాగాల నుంచి. ఆల్డిహైడ్‌ను ఆల్కహాల్‌గా మార్చే చివరి ఎంజైమ్ లోపించిన మొక్కల్లో లిగ్నిన్ తగ్గినా ఆల్డిహైడ్లు గోడలో పేరుకుంటాయి కనుక రంగు మామూలుగానో అంతకన్నా ముదురుగానో రావచ్చు. అందుచేత ‘ఇక్కడ ఉంది, ఇక్కడ లేదు’ అని చెప్పడానికి ఈ పరీక్షను నమ్మవచ్చు గానీ, ‘ఇక్కడ దీనికన్నా రెట్టింపు ఉంది’ అని చెప్పడానికి నమ్మకూడదు. కోత మందం మారినా గాఢత మారుతుందన్నది చెప్పనక్కర్లేదు.

వాలిన కాండాన్ని వద్దన్నది ఇందుకే: వంగిన చెట్టు తనను నిలబెట్టుకోవడానికి ప్రత్యేకమైన దారువును తయారుచేస్తుంది. శంకుధారుల్లో అది వాలు కింది వైపున, ఎక్కువ లిగ్నిన్‌తో ఏర్పడుతుంది. వెడల్పాకు చెట్లలో సాధారణంగా పై వైపున ఏర్పడి, చాలా జాతుల్లో సెల్యులోజ్ నిండిన, లిగ్నిన్ అంతగా లేని జిగురులాంటి పొరతో ఉంటుంది. అలాంటి కాండంలో ఒక పక్క కోత చూసి మొత్తానికి తీర్పు చెప్పలేము. గాయాల దగ్గరా, తెగులు తగిలిన చోట్లా కూడా మామూలుగా కర్రబారని కణాలు లిగ్నిన్ పట్టించుకుంటాయి, ఆ భాగాలనూ తప్పించాలి. ముదురు కాండం పైనున్న బెండు గోడల ప్రధాన పదార్థం సుబెరిన్. అది వేరే పదార్థం, దాన్ని చూపడానికి సుడాన్ రంగులు వాడతారు.

ఆమ్లం లేకుండా

ఆమ్లం వాడే వీలు లేనిచోట టోలూయిడిన్ బ్లూ నా మొదటి ఎంపిక. నీటిలో 0.05 శాతం ద్రావణం చేసి, కోతను ఒక నిమిషం ముంచి, రంగు ఊడడం ఆగేదాకా నీటిలో కడిగితే చాలు. లిగ్నిన్ పట్టిన గోడలు ఆకుపచ్చ కలిసిన నీలంగా, పెక్టిన్ ఎక్కువగా ఉన్న గోడలు గులాబీ ఊదాగా తేలి, ఒకే రంగుతో రెండు కథలు తెలుస్తాయి. స్థూలకోణ కణజాలానికీ నారకణాలకూ తేడా ఇందులో చూసినంత స్పష్టంగా మరెందులోనూ కనిపించదు. సఫ్రానిన్ అందరికీ అలవాటైనదే, శాశ్వత స్లైడ్లకు అనువైనదే. కానీ అది కేంద్రకాలకూ, బాహ్యచర్మం పైపూతలోని క్యూటిన్‌కూ, సుబెరిన్‌కూ కూడా అంటుకుంటుంది కాబట్టి దాని ఎరుపు ఒక్కటే చూసి లిగ్నిన్ అనరాదు. అతినీలలోహిత కాంతినిచ్చే సూక్ష్మదర్శిని ఉన్నవారికి ఏ రంగూ అక్కర్లేదు, లిగ్నిన్ తనంతట తానే నీలంగా వెలుగుతుంది.

జి-రకమా ఎస్-రకమా అని తేల్చాలంటే మాయిలే పరీక్ష ఉంది. కోతను పొటాషియం పర్మాంగనేట్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, కడిగి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గోధుమ రంగు పోగొట్టి, అమ్మోనియా ద్రావణం చుక్క వేస్తారు. ఎస్-రకం ఉన్న గోడలు ఎర్రబడతాయి, జి-రకం మాత్రమే ఉన్నవి పసుపు గోధుమ రంగులో ఉండిపోతాయి. పైన్ కలప పక్కన ఏదైనా వెడల్పాకు చెట్టు కలపను పెట్టి చేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జిగురును కరిగించి చూడడం

ఎరుపు రంగు లిగ్నిన్ ఎక్కడుందో చెబుతుంది, అది లేకపోతే ఏమవుతుందో చెప్పదు. దానికి అడుగు కణుపు మధ్యమం నుంచి అగ్గిపుల్ల మందాన చిన్న చీలికలు తీసి, సమపాళ్లలో కలిపిన గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమంలో వేయాలి. గొట్టం మూతను బిగించకుండా వదులుగా ఉంచి, ఫ్యూమ్ హుడ్‌లోనే 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచాలి. చీలికలు తెల్లగా పాలిపోయి మెత్తబడ్డాక ద్రవాన్ని జాగ్రత్తగా తీసేసి, నాలుగైదు సార్లు నీటితో కడిగి, కాస్త నీళ్లు పోసి గొట్టాన్ని గట్టిగా ఆడించాలి. నిన్నటిదాకా గోరు దిగని ముక్క దూదిపింజలా విడిపోతుంది.

ఒక చుక్కను టోలూయిడిన్ బ్లూతో స్లైడు మీదికి తీసుకుంటే కోతలో ఎన్నడూ పూర్తిగా కనిపించని కణాలు ఒక్కొక్కటిగా తేలుతుంటాయి: రెండు కొసలా సూదిలా సన్నబడిన పొడవాటి నారలు, గోడనిండా గర్తాలతో (చిన్న గుంటలతో) రెండు పక్కలా నోరు తెరుచుకున్న పొట్టి పీపాల్లాంటి నాళఖండాలు, అక్కడక్కడా గొట్టం జారిపోగా విడిగా మిగిలిన తొలి నాళాల స్ప్రింగు చుట్లు. అదే ద్రవంలోని మరో చుక్కకు ఫ్లోరోగ్లూసినాల్, ఆమ్లం వేసి చూస్తే ఈసారి ఎరుపు రాదు, లేదా అక్కడక్కడ లేశమాత్రంగా వస్తుంది. కణాల ఆకారాన్ని నిలబెట్టిన సెల్యులోజ్ గోడలు అలాగే ఉన్నాయి, వాటిని ఒకదానితో ఒకటి బిగించిన పదార్థం మాత్రం కడిగిన నీటితో పోయింది.